సరిహద్దు సీమలో వసంతోత్సవములు

ఉగాది సమీపించినదనగా మన పట్టణములందు కవిసమ్మేళనములును, పంచాంగ శ్రవణములును, సన్మానసభలును వరుసగా బయలుదేరును. వాని వార్తలతో పత్రికల పుటలు నిండును. సంతోషమే. కాని వసంతోత్సవము సభాభవనమున పుట్టినది కాదు, కళ్లమున పుట్టినది. పంట యింటికి చేరి, కొడవలి చూరున చెక్కబడి, ఏటి కష్టమునకు కొంత తెరపి దొరికిన దినములలో, అప్పులును పగలును క్షణకాలము మరచి అందరును ఒక్కచోట నిలుచుటకై పల్లె తనకు తాను చేసికొన్న యేర్పాటది. ఆ యేర్పాటు నేడు సడలుచున్నది. అది తనంతట తాను నిలుచునని నమ్మి యూరకుండుట పెద్దలకు తగదు. దానిని నిలుపవలసిన వారెవరు, ఏ ధర్మముపై నిలుపవలయును అను ప్రశ్నను ఆలోచింపుడని గ్రామములందలి భూవసతిగల గృహస్థులను, పట్టణములందలి విద్యావంతులను కోరుచున్నాము.

ఈ ప్రశ్నకు సంగారెడ్డి జిల్లాలోని కంగ్టి ప్రాంతమును ఉదాహరణముగా గైకొందము. కంగ్టి నారాయణఖేడ్ సీమలోని మండల కేంద్రము. ఒక ప్రక్క కర్ణాటకమునందలి బీదరు సీమ, మరియొక ప్రక్క మహారాష్ట్రమునందలి దెగ్లూరు సీమ. 1956 నవంబరు 1వ తేదీవరకు నారాయణఖేడ్ తాలూకా బీదరు జిల్లాలోనిదే. భాషారాష్ట్రముల యేర్పాటులో అది మెదకు జిల్లాలో చేరెను. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లా యేర్పడినపుడు అందులోనికి వచ్చెను. పాలకులు గీతలు మార్చిరి గాని ప్రజల నాలుకలు మారలేదు. అంగడిలో తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ సమముగా వినవచ్చును. తండాలలో లంబాడీల గోర్ బోలి వినవచ్చును. జొన్న, కంది, శనగ పండు వర్షాధారపు నేల. నీటికొరత గల సీమ. రాజధాని పత్రికలకు ఇది దూరపుటంచు. అంచు యనుకొన్నచోటనే దేశము యొక్క అతుకు కనబడునను సంగతిని మన మంతగా గమనింపము.

ఆ అతుకును చూడగోరువారు ఇచ్చటి వసంతమును చూడవలయును. మాఘ బహుళ చతుర్దశినాటి మహాశివరాత్రితో జాతరలు మొదలగును. పాపన్నపేట మండలమున నాగసాన్‌పల్లి చెంత మంజీర యేడు పాయలుగా చీలిన తావున వనదుర్గా భవాని సన్నిధికి జనము సాగును. ఝరాసంగమున కేతకీ సంగమేశ్వరునకు, అన్యత్ర శివపూజకు నిషిద్ధమైన మొగలిపువ్వునే అర్పింతురు. ఈ ఝరాసంగమునకు తెలుగువారితోపాటు కన్నడిగులును, మహారాష్ట్రులును వత్తురు. ఫాల్గుణ పూర్ణిమకు కాముని పున్నమ. దానికి ముందు కొన్ని రాత్రులు పిల్లలు కోలలు తట్టుచు జాజిరి పాడుచు ఇల్లిల్లు తిరిగి కట్టెలును, పిడకలును, ధాన్యమును ప్రోగుచేయుదురు. పున్నమనాడు కామదహనము, మరునాడు రంగులు. పూర్వము ఆ రంగు అంగడిలో కొన్నది కాదు. ఆకు రాల్చి నిప్పువలె పూచిన మోదుగు చెట్టే రంగునిచ్చెడిది. ఆ చెట్టు ఆకే విస్తరి యయ్యెడిది. పదునైదు దినములకు ఉగాది, ఆపై తొమ్మిదవనాడు శ్రీరామనవమి, చైత్ర పూర్ణిమకు హనుమద్విజయోత్సవము, వైశాఖ శుద్ధ తదియకు వీరశైవుల బసవ జయంతి. వీని నడుమ ఊరూర కుస్తీలు. కొబ్బరికాయ పందెముతో పిల్లల జోడులు మొదలై, వెండికడియమునకు పేరుమోసిన మల్లురు పట్టుపట్టువరకు పొద్దు గ్రుంకదు. సరిహద్దునకు ఆవలినుండి వచ్చిన మల్లునకు ఈవలి జనము చప్పట్లు కొట్టుటలో వింత యేమియు లేదు.

ఉగాది సంగతి మరింత విచారింపదగినది. చైత్ర శుద్ధ పాడ్యమినాడే తెలుగువారికి ఉగాది, కన్నడిగులకు యుగాది, మహారాష్ట్రులకు గుడీ పాడ్వా. ముగ్గురును అమావాస్యతో నెల ముగించువారు. ముగ్గురును శాలివాహన శకము లెక్కించువారు. తెలుగిల్లాలు వేపపూవు, క్రొత్త చింతపండు, బెల్లము, మామిడికాయ కలిపి పచ్చడి చేయును. కన్నడిగుడు బేవు-బెల్లమని వేపను బెల్లముతో పంచును. మహారాష్ట్రుడు వెదురుగడకు పట్టుగుడ్డ చుట్టి, కలశమును బోర్లించి, వేపరెమ్మతో చక్కెరదండతో గుమ్మమున నెత్తి, వేపాకు నమలును. మూడు భాషలవారును ఒక్క ప్రొద్దున ఒక్క చేదునే మ్రింగి సంవత్సరమును ఆరంభింతురు. రాష్ట్రముల నడుమ నీటికై, ఊళ్లకై వాదములు పుట్టినపుడు న్యాయస్థానములు తీర్పులు చెప్పుగాక. ప్రజలు మాత్రము పాడ్యమినాడే తమ తీర్పును చెప్పుకొని యున్నారు.

ఒక్క మతముననే ఈ యైకమత్యమని తలపరాదు. బీదరునకు తూర్పున అష్టూరులో బహమనీ సుల్తాను అహమదుషా వలీ సమాధి కలదు. ఆయన రాజధానిని గుల్బర్గానుండి బీదరునకు మార్చి, 1436లో మృతినొందెను. ఆయనను ముసల్మానులు వలీయనియు, వీరశైవులు అల్లమప్రభువు అంశమనియు కొలుతురు. అచ్చటి ఉరుసు హిజ్రీ లెక్కపై గాక హిందువుల చాంద్రమానముపై, హోలి తరువాతి దినములలో జరుగును. కలబురిగి సీమలోని మాడియాళ గ్రామమునుండి జంగమయ్య శంఖముతో కదలివచ్చి దానిని నడపును. మతైక్యమునుగూర్చి పట్టణములందు ఉపన్యసించువారు ఒక్కమారు అచ్చటికి పోయి వినుట మేలు.

ఇక తండాలు. లంబాడీలకు హోలియే సంవత్సరమున పెద్ద పండుగలలో నొకటి. స్త్రీలును పురుషులును వరుసలు కట్టి లెంగి పాటలు పాడుచు ఆడుదురు. గత హోలి తరువాత పుట్టిన మగశిశువునకు ధూండ్ అను వేడుక చేసి, బంధువులందరి యెదుట వానిని తండాకు చెందినవానిగా నిలుపుదురు. ఇది యొక విధమైన జనన పత్రము. ముద్ర లేదు గాని సాక్షులు కలరు.

ఇంతవరకు చెప్పినది చదివి మన గ్రామములందు సర్వము సుభిక్షమని పాఠకులు సంతసింపవచ్చును. తొందరపడవలదు. ఈ పండుగ దేనిపై నిలిచి యుండెడిదో చూడుడు.

పూర్వము ఊరి యుత్సవమున డప్పు కొట్టినవాడు కూలికి కొట్టలేదు. కొట్టక తప్పదు గనుక కొట్టెను. పందిరి వేసినవాడు, కట్టెలు మోసినవాడు, కుండలిచ్చినవాడు, దివిటీ పట్టినవాడు, బండి కట్టినవాడు, వీరిలో అనేకులకు పండుగ యనగా మరియొక వెట్టిదినము. ఆరంభించుటకు వాని డప్పు కావలెను. గుడిలోనికి మాత్రము వాడు రాగూడదు. విందు మిగిలినపిమ్మట వాని వంతు. నైజాము రాష్ట్రమున 1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘము వెట్టిచాకిరిపై పోరాడినది. 1930లో ఈ సీమకు చేరువనున్న జోగిపేటలోనే సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను ప్రథమ ఆంధ్ర మహాసభ జరిగినది. ఆ ప్రతాపరెడ్డిగారే 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రమును ప్రకటించి, రాజుల యుద్ధములకంటె ప్రజల ఆటలు, పండుగలు, తిండి, బట్ట చరిత్రకు ముఖ్యమని చాటిరి. వెట్టిని ఖండించిన చేయియే పండుగను చరిత్రలో కెక్కించినది. ఈ రెండింటికిని విరోధము లేదని దీనివలన గ్రహింపవలయును.

వెట్టి పోయినది, పోవలసినదే. 1976లో పార్లమెంటు కట్టుబానిస విధానమును రద్దుచేయు చట్టము చేసినది. పిలిచినంతమాత్రమున వచ్చి డప్పు కొట్టవలసిన అగత్యము లేదని యువకుడు చెప్పిన, వాడు న్యాయమే చెప్పుచున్నాడు. వాని డప్పు చచ్చిపోలేదు. ఏప్రిల్ 14న, అంబేద్కరు జయంతినాడు, అదే వాడలో అదే డప్పు ఎంత గర్వముతో మ్రోగునో వినుడు. అది క్రొత్తగా పుట్టిన వసంతోత్సవము. బలాత్కారము తొలగినచోట కళ నశించునని చెప్పువారికి అదియే సమాధానము. కాని ఊరుమ్మడి యుత్సవమున వెట్టి ఖాళీచేసిన స్థలమును దేనితో నింపవలయునను ఆలోచన పెద్దలు చేయరైరి. ఆలోచన లేని స్థలమున అంగడి వచ్చి కూర్చున్నది. డప్పు స్థానమున డీజే యను యంత్రము వచ్చినది. దాని అద్దెకు సంకోచింపక ముడుపు కట్టువారు డప్పుగాండ్రకు పూటకూలి యిచ్చుటకు బేరమాడుదురు. మోదుగుపూవు స్థానమున కన్నులు మండించు రసాయనపు పొడి వచ్చినది. జాజిరి స్థానమున మద్యము వచ్చినది. చందాల పుస్తకము పట్టుకొని రాజకీయ పక్షమువారు వచ్చిరి. పండుగలో ఊరు చేయుచుండిన పని తగ్గి, ఊరు చూచుచుండు పని పెరిగినది.

దీనికి మరియొక కష్టము తోడైనది. నారాయణఖేడ్ సీమలోని తండాలనుండియు, బీద వాడలనుండియు వేలకొలది కుటుంబములు దసరా దీపావళుల పిమ్మట చెరకు నరుకుటకై జహీరాబాదు ప్రక్కకును, కర్ణాటక మహారాష్ట్రములకును వలసపోవుట అందరెరిగినదే. భార్యాభర్తలను ఒక కత్తిగా లెక్కించి మేస్త్రీ ముందుగా రొక్కమిచ్చును; ఆ బాకీ తీరువరకు వారు చెరకుతోటల నడుమ గుడిసెలలో నుందురు. పిల్లలు బడి విడిచి వెంటపోవుదురు. గానుగ మూయువరకు విడుదల లేదు. అది ఫాల్గుణమున మూయబడునో చైత్రము దాటునో చెరకు దిగుబడినిబట్టి యుండును. హోలికి తండా చేరినవారి ముఖములు చూచినవారికి పండుగ యనగా నేమో తెలియును. చేరలేనివారి గుడిసెల తలుపులు చూచినవారికి అది లేకపోవుటయనగా నేమో తెలియును. ఊరివారే ఊరిలో లేనపుడు ఊరి పండుగను నిలుపుమని ఎవరితో చెప్పుదుము? కావున వసంతోత్సవమును గూర్చిన విచారము చివరకు నీటిని గూర్చియు, పనిని గూర్చియు విచారమగును. గ్రామీణ ఉపాధి పనులును, చెరువుల పూడికతీతయు సకాలమున సరిగా నడచినచో, వలసపోవు కత్తులలో కొన్నియైన ఊరిలోనే నిలుచును. పండుగను ప్రేమించువారు ఆ పనులను గూర్చి అధికారులను నిలదీసి యడుగవలయును. అడుగనిచో వారి ప్రేమ పందిటివరకే.

ఇతర దేశములవారు ఇట్టి సంధికాలమును ఎట్లు గడపిరో చూతము. 1905లో జపాను రుష్యాను ఓడించినపుడు మన పెద్దలనేకులు ఆ దేశమును కన్నులార్పక చూచిరి. అదే జపాను కొరియాపై, చీనాపై పడి చేసిన దౌర్జన్యమును చరిత్ర మరువలేదు, మరువరాదు. ఆ దేశపు ఫిరంగులనుండి నేర్వవలసినది మనకేమియు లేదు. వారి ఊళ్లనుండి మాత్రము కొంత నేర్వవచ్చును.

జపానునందు హిదా యను కొండసీమలో తకయామా అను పట్టణము కలదు. పూర్వకాలమున ఆ సీమ బీదది. పన్ను చెల్లించుటకు బదులుగా తన వడ్రంగులను రాజధానికి పంపవలసి యుండెను. వారు పోయి ఏలికల కోవెలలను, కోటలను కట్టిరి. మన భాషలో చెప్పిన అది వెట్టియే. ఆ వెట్టి గతించిన శతాబ్దముల పిమ్మట, ఆ వడ్రంగుల విద్య ఆ పట్టణపు సొంత గర్వమైనది. ఏటేట ఏప్రిల్ 14, 15 తేదీలలో హియే దేవళపు వసంతోత్సవమునకు 12 రథములు వెలువడును. చెక్కడపు పనియు, లక్కపూతయు, బంగారు రేకులును, నేతతెరలును గల రథములవి. వానిలో మూడింటిపై త్రాళ్లతో ఆడు కీలుబొమ్మలు ఆడును. వాన వచ్చిన రథము వెలుపలికి రాదు. యాత్రికులు వేలు వచ్చినను ఆ నియమము తప్పదు. ముఖ్యమైన సంగతి యేమనగా, ఆ రథములు ప్రభుత్వపువి కావు, ధనికుని దానమును కావు. ఒక్కొక్క వాడకు ఒక్కొక్క రథము. దానిని దాచుట, బాగుచేయుట, లాగుట, వాడలోని యిండ్లవారి ఉమ్మడి బాధ్యత. ఇట్టి 33 రథోత్సవములను 2016లో యునెస్కో అమూర్త సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చినది. బలవంతపు శ్రమ స్వచ్ఛందమైన శిల్పముగా మారుటకు అవసరమైనది రెండే: కళాకారునకు గౌరవము, ఊరివారికి ఉమ్మడి బాధ్యత.

క్యోటో నగరపు కథ మరియొకటి. వేయేండ్లకు పైగా రాజధానియైన ఆ నగరమునుండి 1869లో చక్రవర్తి టోక్యోకు తరలిపోయెను. నగరము పాడుపడునని భయము పుట్టెను. అదే 1869లో ఆ నగరపు వాడలవారు ప్రభుత్వము శాసించుటకు ముందే తమ డబ్బు వేసికొని 64 ప్రాథమిక పాఠశాలలను స్థాపించిరి. 1872లో పారిశ్రామిక ప్రదర్శనమును పెట్టి, దానితో కూడ వసంతకాలపు నాట్యోత్సవమైన మియాకో ఒదోరిని ప్రారంభించిరి. బడియు ఉత్సవమును ఒకే ప్రజల చేతినుండి మూడేండ్ల లోపల పుట్టినవి. పండుగలకు వ్యయమేల, ఆ డబ్బు బడికిమ్మని వాదించు మన సంస్కర్తలు ఈ సంగతిని చిత్తగింపవలయును. ఊరుమ్మడిగా పండుగ చేయుట నేర్చిన చేతులే ఊరుమ్మడిగా బడి కట్టును. పండుగ చేయలేని ఊరు బడిని సర్కారు కట్టలేదని మూలుగుచు కూర్చుండును.

జపానువారు చేసినదెల్ల మనకు మేలుబంతి కాదు. వారు 1873లో తమ పాత పంచాంగమును విడిచి ఐరోపా పంచాంగమును గైకొనిరి. దానివలన పీచు పూలకాలపు బొమ్మల పండుగ మార్చి 3వ తేదీకి కట్టుబడి, పూలు పూయకముందే వచ్చుచున్నది. చలి మిక్కిలి గల తకయామావారు దానిని ఏప్రిల్ 3వరకు జరిపి సరిపెట్టుకొనుచున్నారు. మన చాంద్రమానము సంవత్సరమునకు 354 దినములే యైనను, రెండున్నర యేండ్లు దాటిన పిమ్మట అధికమాసము చేర్చుకొని ఋతువును విడువక నడచుచున్నది. 2024లో ఏప్రిల్ 9న వచ్చిన ఉగాది 2025లో మార్చి 30న వచ్చినను, వేపపూవు వచ్చు కాలమును దాటిపోలేదు. క్యోటోలో యాత్రికుల తాకిడి మితిమీరి, 2024లో గియోన్ వాడలోని సొంత సందులలోనికి పరులు రాగూడదని వాడవారు కట్టడి చేయవలసివచ్చినది. పండుగను పరులకు అమ్మిన, చివరకు పండుగవారే పరులగుదురు. మన జాతరలను పర్యాటక ప్రదర్శనములుగా మార్చుదమను అధికారులు ఈ పాఠమును మరువకుందురు గాక.

వారినుండి గైకొనదగిన చిన్న పని యొకటి కలదు. క్యోటోలో చెర్రీ పూలు నిండుగా పూచిన తేదీలు తొమ్మిదవ శతాబ్దినుండి దినచర్య పుస్తకములలో దొరకుచున్నవి. ఆ వ్రాతలను సరిచూచియే 2021 మార్చి 26న పూచిన పూత పన్నెండు వందల యేండ్లలో మిక్కిలి ముందువచ్చినదని పండితులు నిర్ణయింపగలిగిరి. లోకము వేడెక్కుచున్నదనుటకు ఒక సాక్ష్యము పూలు చూడబోయినవారి డైరీలలో దొరకినది. కంగ్టి పొలిమేరలో మోదుగు ఎప్పుడు పూచినదో, మామిడి ఎప్పుడు పిందె దిగినదో, ఏటేట వ్రాసియుంచుటకు ఎంత వ్యయమగును? బడిలో ఒక పుస్తకము, ఒక ఉపాధ్యాయుడు, నలుగురు పిల్లలు చాలును.

ఆక్షేపణలు కొన్ని కలవు. కాముని పాటలలో బూతు కలదు గనుక అవి నశించుటయే మేలని కొందరందురు. పాటలోని మోటతనము వేరు, పండుగ నెపమున స్త్రీలపై బలవంతముగా రంగు చల్లి అవమానించుట వేరు. రెండవదానిని ఊరిపెద్దలు నిర్దాక్షిణ్యముగా అణపవలయును. అది పండుగ కాదు, నేరము. మొదటిదానిని పిల్లలు పెద్దలైన పిమ్మట తామే దిద్దుకొందురు. పిడిగుద్దులాటవంటి మొరటు వేడుకలను గూర్చి మరికొందరు సిగ్గుపడుదురు. బోధను ప్రాంతపు హున్సాలో హోలినాడు ఆడు ఆ ఆట ప్రసిద్ధము. దెబ్బలు తగులునట్టి ఆటకు కట్టుబాట్లు విధించుట యుక్తమే. కాని డబ్బు చెల్లించి పరదేశపు ముష్టియుద్ధములను తెరపై చూచువారు పల్లెవానిని అనాగరికుడనుట వింతగా నున్నది. ఇక ప్రభుత్వమే యంతయు చేయవలయునను వారు. తెలంగాణ ప్రభుత్వము 2014లో బతుకమ్మను, బోనాలను రాష్ట్రపు పండుగలుగా ప్రకటించినది, సంతోషింపదగిన పనియే. ఐనను ప్రకటనము గౌరవమును కలిగించును గాని పాటను పాడదు. పాడవలసినది ఊరు.

కావున గ్రామములందలి పెద్దలకు మా సూచనలను స్పష్టముగా చెప్పుచున్నాము. మాఘమాసమున గ్రామసభ కూర్చుండి ఉత్సవపు వ్యయమును నిర్ణయింపవలయును. భూమి గలవారు ఎకరముల చొప్పునను, అంగళ్లవారు వ్యాపారము చొప్పునను చెల్లింపవలయును. కూలివారినుండి చందా గుంజరాదు. జమాఖర్చులను ఉగాదినాడు పంచాంగ శ్రవణముతో పాటు అందరి యెదుట చదువవలయును. రాశుల ఆదాయ వ్యయములను వినుటకు ఓపిక గల జనమునకు ఊరి ఆదాయ వ్యయములను వినుటకు ఓపిక లేకపోదు. డప్పుగాండ్రకును, పాటగాండ్రకును, పందిరి వేయువారికిని కూలిని ముందే నిశ్చయించి, రొక్కముగా చెల్లించి, పంక్తిలో అందరితోపాటు కూర్చుండబెట్టవలయును. గుడి తలుపు అందరికి తెరచియున్నదని చెప్పుట చాలదు. పెద్దలు తామే వెంటబెట్టుకొని పోవలయును. కుస్తీ గోదాలో కులము అడుగరాదు. ఆడపిల్లల జోడులకును పందెములు పెట్టవలయును. రాత్రి 10 గంటలు మొదలు ప్రొద్దున 6 గంటలవరకు ధ్వనివర్ధకములను నిషేధించు నియమము 2000 సంవత్సరమునుండి యున్నది. దానిని అమలు జరుపుటకు పోలీసులకంటె ముందు ఊరివారు పూనుకొనవలయును. డీజే అద్దె డబ్బును డప్పు కూలికి మార్చిన, చెవులును దక్కును, కళయు దక్కును. గట్లపైనను, పోరంబోకు నేలలలోను మోదుగును నాటి కాపాడవలయును. బడిపిల్లలు తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ, గోర్ బోలి పాటలను ముసలివారి నోటినుండి విని వ్రాసికొనవలయును. గోర్ బోలికి ప్రత్యేకమైన లిపి లేదు గనుక ఆ పాటలను తెలుగు లిపిలోనే వ్రాయవచ్చును. ఒక ముదుసలి మరణించినపుడెల్ల ఒక పాటల మూట ఆమెతో కాటికి పోవుచున్నది.

వీనిలో ఏ యొక్కటియు కోట్ల రూపాయల పని కాదు. కొంత డబ్బు, కొంత ఓపిక, అన్నింటికంటె మిక్కిలిగా కొంత అహంకార త్యాగము కావలయును. పూర్వము పెద్దలు పండుగలో ఎత్తయిన అరుగుపై కూర్చుండి చూచిరి. క్రింద నిలిచినవారు చేసిరి. ఆ అరుగు దిగనిచో పండుగ దక్కదు. దిగినచో పండుగ ఒక్కటియే కాదు, ఊరును దక్కును. స్వరాజ్యమనగా ఢిల్లీలోను హైదరాబాదులోను జరుగు కార్యమని తలంచువారు పెక్కురు. నలుగురు భాషలవారును, అన్ని కులములవారును తమ ఊరి ఉత్సవమును తమ డబ్బుతో, తమ లెక్కలతో, ఎవరిని కించపరుపక నడుపుకొనగలిగిననాడు కంగ్టి వంటి సరిహద్దు పల్లెలో స్వరాజ్యమునకు అర్థము కనబడును. మోదుగు ప్రతియేడును తన వంతు తప్పక పూచుచున్నది. మన వంతు మాత్రమే మిగిలి యున్నది.